తొమ్మిది అని చెప్పాను

ముందు పోయినవి ఎంచుతాను. అది తప్ప నాకు వేరే విద్య రాదు.

ఒక ఆడపిల్లకు పదో తరగతి తరవాతి చదువు పోయింది. ధర్మపురి హాస్టల్లో ఆమె పడుకోవలసిన మంచం ఒక నెల తప్ప ఆ ఏడాదంతా ఖాళీగా పడి ఉంది. ఒకే చాప మీద పడుకుని పెరిగిన ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య మాట పోయింది, ఇప్పటికీ తిరిగి రాలేదు. ఒక ఊరి పిల్లలకు ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం పోయింది. మా కులసంఘం పిల్లలందరినీ ఒక రాత్రి ఒకచోట చేర్చి జరిపిన శిబిరం మొదటిదీ అదే, చివరిదీ అదే అయింది. ఈ ఆఖరిదాన్ని నష్టం కింద రాయాలా లాభం కింద రాయాలా అన్నది మాత్రం నేను ఇంకా తేల్చుకోలేదు.

ఇన్నీ నేను చెప్పిన రెండు మాటల వల్ల పోయాయి. ఒకటి ఒక పేరు. రెండోది ఒక అంకె.

ఆ రెండు మాటలనూ ఇన్నేళ్ళు మోశాను. మోశాను అంటే ఏదో గొప్ప పని చేసినట్టు వినబడుతుంది. నిజానికి నాకు నిద్ర బాగానే పట్టేది. ఆకలీ బాగానే వేసేది. పెళ్ళి చేసుకున్నాను, పిల్లలను కన్నాను, సంఘం మీటింగుల్లో ముందు వరస కుర్చీలో కూర్చున్నాను. కానీ ఎవరైనా "ఆయన లెక్క అంటే లెక్కే" అని మెచ్చుకున్నప్పుడల్లా గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఉండేది. మింగితే పోదు, దగ్గితే రాదు. జనం నన్ను మెచ్చుకోవడం మానలేదు. అందుకని ముల్లూ పోలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. నా మీద జాలిపడవద్దు. తప్పు చేసి, జుట్టు నెరిశాక కళ్ళు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళంటే నాకు రోత.

నాది పెన్నాగరం వైపు ఒక పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. గొర్రెలు కాచుకునే ఇల్లు. బడికి ఐదో తరగతి వరకే వెళ్ళాను. ఎంచడం నేర్చుకున్నది బడిలో కాదు, దొడ్డి దగ్గర. పొద్దుగూకి మంద దొడ్డిలోకి దూరుతుంటే తడిక పక్కన ఒకడు నిలబడి ఎంచుతాడు. ఒక్కసారే ఎంచుతాడు. "సరి" అంటే సరి. "తక్కువ" అంటే మిగిలినవాళ్ళు కర్రలు పట్టుకుని కొండకు పోవలసిందే. ఎన్ని అని ఎవరూ అడగరు. అందరి ముందూ సంఖ్య పలకడం మాలో కీడు. మళ్ళీ ఎంచమని అసలే అనరు. అలా అంటే తడిక దగ్గర నిలబడినవాణ్ణి దొంగ అన్నట్టే. అనిపించుకున్నవాడు కర్ర అక్కడే పడేసి వెళ్ళిపోతాడు, ఇక ఆ మంద వైపు చూడడు. మా నాయన బతికినంతకాలం తడిక దగ్గర నిలబడ్డాడు. ఆయన తరవాత కొన్నాళ్ళు నేను.

పెద్ద కూడికలు, గుణకారాలు, వడ్డీలు, గజాల లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇరవై దాటగానే ధర్మపురిలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాయడానికి చేరాను. కొట్టు యజమానిని అందరూ మొదలాళి అనేవారు. మా సంఘానికి ఆయనే అధ్యక్షుడు. నన్ను మావాళ్ళు పిల్లా పెద్దా అందరూ "కణక్కు మామ" అనేవారు. తమిళంలో కణక్కు అంటే లెక్క. ఆ పేరంటే నాకు చచ్చేంత ఇష్టం. నా ఒంటి మీది గొర్రెల వాసన పోయిందనడానికి నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

శిబిరం జరిగింది ఎనభైల చివర, ఒక మే నెలలో. మా పిల్లలు చెదిరిపోతున్నారట. ఒకరికొకరు సాయపడడం లేదట. తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడుతున్నారట. అందుకని ఊరూరి నుంచి యాభైమంది హైస్కూలు పిల్లలను పోగుచేసి ఒక రాత్రి కలిపి ఉంచితే తెల్లారేసరికి ఐకమత్యం వస్తుందని సంఘం పెద్దలు తీర్మానించారు. పాలకు తోడు పెట్టినట్టు. పాలకోడు దారిలో మొదలాళికి మామిడితోట ఉంది. కాయలు పోసే రేకుల షెడ్డు ఖాళీ చేయించి చాపలు పరిచారు. బియ్యం, ఆకులు, పిల్లల తలలు, అన్నిటి లెక్కా నాది.

సేలం నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించారు. మెడలో ఈల, చేతిలో తాడు. పిల్లలను గుండ్రంగా నిలబెట్టి, కళ్ళు మూసుకుని పక్కవాళ్ళ చేతులు పట్టుకోమన్నాడు. పక్కవాళ్ళ చేతి వెచ్చదనం తెలుస్తోందా అని తమిళంలో అడిగాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం, రేకుల కింద. ఎవడో తెలుగులో "చెమట తెలస్తా ఉంది సారూ" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. ఆయనకు తెలుగు రాదు. ఐకమత్యం మొదలైందనుకుని ఆయనా నవ్వాడు. తరవాత మా సంఘం వకీలు లేచి మాతృభాష గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడాడు. తమిళంలో. పిల్లల్లో ఒక్కరికి కూడా తెలుగు అక్షరం చదవడం రాదని తలా ఒకసారి చెప్పి పెద్దలందరూ నిట్టూర్చారు. వాళ్ళలోనూ ఎవరికీ రాదు.

ఇదంతా చూస్తూ నేను స్తంభానికి ఆనుకుని లోలోపల నవ్వుకున్నాను. ఇంతమంది వెర్రివాళ్ళ మధ్య నేనొక్కణ్ణే తెలివైనవాణ్ణి అనుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నా ముఖం మీద ఉందేమో అని అప్పుడప్పుడు అద్దంలో చూసుకుంటాను.

సాయంత్రం కరెంటు పోయి బోరు ఆగిపోయింది. తోట చివర ఒక దిగుడుబావి ఉంది. వంటకు నీళ్ళెలా అని పెద్దలు మాట్లాడుకుంటూ ఉండగానే కెంపమ్మ అనే పిల్ల లేచింది. మా పక్క ఊరి పిల్ల, గొర్రెల కాపరి కూతురు, అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. బావి నుంచి పొయ్యి దాకా పిల్లలను వరసగా నిలబెట్టింది. బిందె చేతులు మారుతూ వచ్చింది. "ఏమ్మే, సగం నీ కాళ్ళ మీదనే పోస్తా ఉండావు, అన్నం నీ కాళ్ళ మీదనే వండల్లనా?" అని ఒకదాన్ని కసిరింది. కసురు తిన్నది ఆమె స్నేహితురాలు సరోజ. అది నవ్వుతూనే ఇంకో బిందె అందుకుంది. తాడూ ఈలా లేకుండా, ఉపన్యాసం లేకుండా, అరగంటలో నీళ్ళన్నీ చేరాయి. శిక్షకుడు చెట్టుకింద కూర్చుని విసురుకుంటున్నాడు. ఆ శిబిరానికి అర్థమంటూ ఏదైనా ఉంటే అది ఆ అరగంటే. నేను చూశాను. చూసి కూడా, మా ఊరి ఆడవాళ్ళలాగే అరుస్తోంది అనుకున్నాను తప్ప ఇంకేమీ అనుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు మొదలాళి ఒక మాట ప్రకటించాడు. టౌను హాస్టల్లో ఒక చోటు సంఘం పేరు మీద ఉంటుంది. పై రెండేళ్ళు ఒక విద్యార్థి అక్కడుండి ప్లస్ టూ చదువుకోవచ్చు, తిండి సహా. ఎవరన్నది పెద్దలు చెప్పరు. పిల్లలే ఎంచుకోవాలి. పిల్లలు రెండు పేర్లు చెప్పారు. ఒకటి కెంపమ్మ. రెండోది గోపాల్, మొదలాళి చెల్లెలి కొడుకు. మంచివాడే. చెమట మాట అన్నది వాడే. కెంపమ్మ ఊళ్ళో బడి పదితో ఆఖరు. ఈ చోటు దొరక్కపోతే ఆమె చేతికి గొర్రెల కర్రో సిమెంటు తట్టో వస్తుందని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

మాలో పెద్దలు ఏదైనా తేల్చుకోవాలంటే గింజలు వేస్తారు. అలాగే చేశారు. చీర అడ్డం కట్టి దాని వెనక రెండు కుండలు పెట్టారు. కెంపమ్మ కుండకు పసుపు బొట్టు, గోపాల్ కుండకు సున్నం బొట్టు. తలా ఒక చింతగింజ. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి వేసి వచ్చారు. ఎంచడానికి నన్ను పంపారు. ఇంకెవరిని పంపుతారు?

ఎవరికి ఎన్ని వచ్చాయో ఇప్పుడు చెప్పను. ఆ సంఖ్య నేను ఇంతవరకు ఏ మనిషికీ చెప్పలేదు, కొంచెం ఓపిక పట్టండి. కెంపమ్మ గెలిచింది. అనుమానానికి చోటు లేకుండా గెలిచింది.

చీర తొలగించుకుని బయటికి వచ్చాను. మొదలాళి నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. అంతే. ఆ రెండు కనుబొమల్లో నేను ఎంత చదివానో! తోట ఆయనది, బియ్యం ఆయనవి, చోటు ఇప్పించింది ఆయన, ఇంతమంది ముందు ఆయన మేనల్లుడు గొర్రెల కాపరి కూతురి చేతిలో ఓడిపోవాలా అని ఆయన అడుగుతున్నట్టు నాకు వినబడింది. ఆయన ఏమీ అనలేదు. ఊడిగం చేసేవాడి చెవులు అలాగే ఉంటాయి, యజమాని అడగనిది కూడా వింటాయి. కానీ అంతా ఊడిగం మీదికి నెట్టేయను. ఆ పిల్ల గెలిస్తే గొర్రెల వాసనతోనే టౌనుకు వస్తుంది, పది ముగిస్తే చాలు అనుకునే ఇంటినుంచి వచ్చి నాకంటే పై చదువు చదువుతుంది, "మా ఊరి పక్కనోడే" అని నన్ను చూపిస్తుంది. ఇది కూడా ఆ క్షణంలో అనుకున్నానా? లేక తరవాత కల్పించుకున్నానా? తెలియదు. నన్ను నేను మంచివాడిగా చూపించే కారణం ఒక్కటీ దొరకలేదని మాత్రం తెలుసు.

"గోపాల్" అన్నాను.

వెనక్కి తిరిగి రెండు కుండలూ ఒకే గోనెలో బోర్లించాను. తరవాత శిక్షకుడు ఈల వేశాడు, పెద్దలు చప్పట్లు కొట్టారు. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మళ్ళీ ఎంచమని ఒక్కరూ అనలేదు. వేరే ఏ జనమైనా అని ఉండేవాళ్ళు. మావాళ్ళు అనరు. నేను తడిక దగ్గర నిలబడినవాణ్ణి.

భోజనాల దగ్గర మొదలాళి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఏమబ్బా కణక్కు, ఆ నీళ్ళు మోపించిన పిల్లే వస్తాదని నేను అనుకొనింటి" అన్నాడు.

"పిల్లోళ్ళ మనసు ఎవురికి తెలుసు మొదలాళీ" అన్నాను.

"మావానికి ఆ చదువు యాడ ఎక్కుతాది? వాణ్ణి కొట్లో కూర్చోబెట్టల్ల అనుకొంటి. సరే, వాళ్ళు ఎంచుకొనినారు, మనం మాట్లాడకూడదు. అది పోనీ, కాపీకి పాలు వచ్చినాయా అని అప్పుడే సైగ చేస్తిని గదా, నువ్వు చూడనే లేదేమి?"

పాలు. ఆ కనుబొమల అర్థం అది.

అప్పుడు నోరు తెరవడానికి నాకు ఎంతసేపు పడుతుంది? "కుండలు తారుమారు చేసినాను మొదలాళీ" అంటే సరిపోయేది. అంతా నవ్వేవారు, కెంపమ్మ హాస్టలుకు వెళ్ళేది, నేను ఒక పూట నవ్వులపాలయ్యేవాణ్ణి. కానీ కణక్కు మామ తప్పు ఎంచాడు అనే మాట పుట్టేది. ఒక పిల్ల చదువు ఒకవైపు, నా పేరు ఒకవైపు. తూకం వేయడానికి నేను తడుముకోలేదు కూడా.

పొద్దున్నే సామాన్లు సర్దుతుంటే కెంపమ్మ ఒంటరిగా వచ్చింది. మిగిలిన పిల్లలు బావి దగ్గర ముఖాలు కడుక్కుంటున్నారు.

"మామా, ఒగ మాట అడగల్ల. కోపం చేసుకోవు గదా?"

"అడుగు."

"నీ లెక్క తప్పని నేను అనలేదు మామా. సత్యంగా అనలేదు. నాకు ఎన్ని వచ్చినాయో ఒగటి చెప్తావా? చెవిలో చెప్పినా సరే."

"సంఖ్య అడగకూడదని తెలీదా నీకు?"

"తెలుసు. అయినా అడగతా ఉండా. శానామంది నీకే వేసినాం అని చెప్పినారు. సరోజ చెప్పింది, మా ఊరోళ్ళు అందరూ చెప్పినారు. ఒగటో రెండో తగ్గినాయా మామా? అట్లయితే పోనీలే అనుకుంటాను."

ఒకటో రెండో. ఆమె అడిగింది అంతే. గెలవలేదన్నది అప్పటికే మింగేసింది. స్నేహితులు నిజం చెప్పారని ఒక్క మాట చాలు, దాన్ని పట్టుకుని ఇంటికి పోయేది. నేను ఏం ఆలోచించానో చెబుతాను. తేడా చిన్నదైతే మనిషి మళ్ళీ మళ్ళీ తడుముకుంటాడు, అందరినీ అడుగుతాడు, ఎక్కడో ఒకచోట గుట్టు బయటపడుతుంది. తేడా పెద్దదైతే నోరు మూసుకుంటాడు. కొట్లో ఇన్నేళ్ళు లెక్కలు చూసి నేర్చుకున్న తెలివి అది. ఆ తెలివినంతా ఒక గొర్రెల కాపరి కూతురి మీద వాడాను.

"తొమ్మిది" అన్నాను.

ఆమె నన్ను చూసింది. నన్ను అనుమానించడానికి కాదు. అంత దయ కూడా ఆమె చూపలేదు. నా ముఖంలో ఎక్కడా తప్పు వెతకలేదు. తలతిప్పి బావి వైపు చూసింది. అక్కడ సరోజ వాళ్ళు ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటూ నవ్వుతున్నారు.

"తొమ్మిదేనా?" అంది. "మా ఊరోళ్ళమే అంతకంటే శానామంది ఉండాము మామా."

"మాట ఇచ్చేది వేరే, గింజ వేసేది వేరే. మన జనం గురించి నీకు తెలీదు" అన్నాను. ఆ మాట అంటుంటే నాకు కొంచెం గర్వంగా కూడా ఉండింది, లోకం తెలిసినవాడిలా.

తరవాత జరిగింది గొడవ అనడానికి కూడా లేదు. శిక్షకుడు చివరిసారి గుండ్రంగా నిలబెట్టి చేతులు పట్టుకోమన్నాడు. కెంపమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. సరోజ పట్టుకోబోతే విదిలించింది. "నీ నోట్లో పుండు పుట్టా, ముఖం ముందర అట్ల నవ్వతావా?" అంది. సరోజ తల్లి మీద ఒట్టు పెట్టింది, ఏడ్చింది. "మరి కణక్కు మామ అబద్దం చెప్పినాడా?" అని కెంపమ్మ అడిగింది. అందరూ నా వైపు చూశారు. నేను చాపలు ఎంచుతున్నాను. పిల్లలు ఒకరినొకరు "నువ్వు వేసినావా, నువ్వు వేసినావా" అని నిలదీసుకుంటూ ట్రాక్టరు ఎక్కారు. వకీలు పెద్దలతో శిబిరం బాగా జరిగిందని అంటున్నాడు.

గోపాల్ హాస్టల్లో నెల కూడా ఉండలేదు. అన్నం బాగాలేదని ఇంటికి వచ్చేశాడు. ఆ చోటుకు రమ్మని మొదలాళి కెంపమ్మకు కబురు పంపాడు. ఇక్కడైనా నా తప్పు దానంతటదే సరి అయిపోయి ఉండేది. చూడండి, నాలాంటివాడికి కూడా ఎన్ని దారులు తెరుచుకున్నాయో! ఆ పిల్ల రానంది. "యాభై మందిలో తొమ్మండుగురికి కావాల్సినదాన్ని, ఆ అన్నం నాకెందుకు" అందట. మొదలాళి నాకు ఆ మాట చెప్పి, "తొమ్మండుగురు అని ఎవురు చెప్పినారు దానికి? పొగరు చూసినావా" అన్నాడు. "చూసినాను" అన్నాను. పేరు మార్చినందుకు పోయిన చోటు తిరిగి వచ్చింది. అంకె దాన్ని మళ్ళీ మూసేసింది. ఆ ఏడాదే ఆమెను వాళ్ళ నాయన బెంగుళూరికి కట్టడం పనికి తీసుకుపోయాడు.

చాలా ఏళ్ళ తరవాత పాలకోడు టమాటా మార్కెట్లో ఆమెను చూశాను. పెట్టెలు ఏరే ఆడవాళ్ళకు మేస్త్రీగా ఉంది. ట్రాక్టరు రైతు ఇన్ని పెట్టెలు అని చెబితే ఒప్పుకోదు, ఒక్కొక్క దాని మీద చెయ్యి వేసి తానే ఎంచుకుంటుంది. నేను తప్పుకోబోయాను. ఆమే పిలిచింది.

"కణక్కు మామా! గుర్తు పట్టలేదా?"

సరోజ పలకరిస్తుందా అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆ ఒక్క పేరు అడగకూడదు.

"దానితో నాకేమి మామా? అది చేసిన పనికి ఇంగ నేను ఎవురి మాటా నమ్మేది లేదు. కట్టుకొన్నోడు చెప్పినా నమ్మను, నేనే ఎంచుకోవల్ల" అంది. తరవాత నవ్వింది. "నువ్వొగనివి తప్ప మామా. నువ్వొగనివే నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పినావు."

టీ తాగమని బలవంతం చేసింది. తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆమె ఎదురుగానే నిలబడింది. బాగుంది అన్నాను.

ఇప్పుడు రాస్తున్నాను. అదీ తెలుగులో. చిత్తూరు నుంచి కొట్టుకు వచ్చే పంచాంగాలు చూసి ఈ అక్షరాలు నేర్చుకున్నాను. మా వైపు ఇవి చదవగలిగినవాళ్ళను వేళ్ళ మీద ఎంచవచ్చు. కెంపమ్మకు తమిళమే వచ్చు. సరోజకూ అంతే. అంటే ఎవరికి చెప్పాలో వాళ్ళు చదవలేని లిపి చూసుకుని మరీ ఒప్పుకుంటున్నాను. ధైర్యం వచ్చిందనుకుని మీరు మెచ్చుకుంటారేమో అని ఇది కూడా చెప్పేశాను. రేపు బస్సెక్కి పాలకోడు వెళ్ళి ఆమెతో చెబుతానా? చెబుతానని రాస్తే మీకు బాగుంటుంది. రాయను. నా సంగతి నాకు తెలుసు.

అయినా చెయ్యి కొంచెం తేలికపడింది. సిగ్గులేని తేలిక. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఆ సాయంత్రం పసుపు బొట్టు కుండలో ఉన్న గింజలు ముప్పై నాలుగు. ఆమె ఊరి పిల్లలు ఒక్కరూ తప్పలేదు. సరోజ తప్పలేదు. నేను ఆమెకు చెప్పింది తొమ్మిది. మిగిలిన ఇరవై ఐదుగురూ మాట నిలబెట్టుకున్నవాళ్ళే. ఆ ఇరవై ఐదుగురినీ నేను ఇంకా ఆమెకు తిరిగి ఇవ్వలేదు.